హైక్ లెటర్‌లో కనిపించని కోత

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఐటీ ఉద్యోగుల జీతాల గురించి పత్రికల్లో ఎక్కువగా రెండు రకాల వార్తలే కనిపిస్తాయి. ఒకటి కోటి రూపాయల ప్యాకేజీ కొట్టిన కుర్రాడి ఫొటో. రెండోది ఫలానా కంపెనీ ఇన్ని వేల మందిని ఇంటికి పంపిందన్న కబురు. ఈ రెంటి మధ్యా ఉన్న లక్షల మంది సంగతి పెద్దగా రాదు. వాళ్ల ఉద్యోగం పోలేదు, జీతం పెరగలేదు, వారంలో రెండు మూడు రోజులు ఇంటి నుంచి పనిచేసుకునే వెసులుబాటు మాత్రం మెట్టు మెట్టుగా పోతోంది. కంపెనీలు ఈ రెండింటినీ వేర్వేరుగా చూపిస్తాయి. జీతం మార్కెట్‌ను బట్టి ఉంటుందంటాయి, హాజరు క్రమశిక్షణ అంటాయి. పేరోల్ (జీతాల చెల్లింపు) లెక్కలు దగ్గరగా చూసేవారికి ఇవి రెండూ ఒకే ఖాతాలోని పద్దులు. జీతం పెంచకుండా వెసులుబాటు తీసేస్తే అది జీతం కోతే. ఎంత కోతో అంకెల్లో చూపించడానికే ఈ ఉత్తరం.

ముందు కొత్తగా చేరేవారి జీతం సంగతి. 2012 ప్రాంతంలో పెద్ద ఐటీ సర్వీసుల కంపెనీల్లో ఇంజినీరింగ్ ఫ్రెషర్‌కు ఏడాదికి మూడు లక్షల పైచిలుకు ఇచ్చేవారు. ఇవాళ అదే కంపెనీల్లో మామూలు క్యాంపస్ ఆఫర్ మూడున్నర లక్షలకు అటూఇటూగా ఉంది. వినియోగదారుల ధరల సూచీని 2012లో వంద అనుకుంటే 2024 చివరికి అది 195 దాటింది. అంటే అప్పటి మూడుంపావు లక్షలకు సమానం కావాలంటే ఇప్పుడు ఆరు లక్షల ముప్ఫై వేలు ఇవ్వాలి. అందులో సగం పైచిలుకే ఇస్తున్నారు. 2024 ఆగస్టులో కాగ్నిజెంట్ 2.52 లక్షల ఆఫర్ మీద దేశమంతా గోల జరిగింది. అది మూడేళ్ల డిగ్రీవాళ్లకేనని, ఇంజినీర్లకు నాలుగు లక్షల నుంచి ఉంటుందని కంపెనీ వివరణ ఇచ్చింది. ఆ వివరణను నమ్మినా, పన్నెండేళ్లలో ధరలు దాదాపు రెట్టింపయ్యాక నాలుగు లక్షలు ఏ మూలకు?

ఇంతకాలం ఈ తక్కువ జీతాన్ని కుర్రాళ్లు ఎందుకు ఓర్చుకున్నారంటే, మూడు నాలుగేళ్లు గడిస్తే ఆన్‌సైట్ (క్లయింట్ దేశానికి వెళ్లి పనిచేసే అవకాశం) వస్తుందన్న ఆశ ఉండేది. అమెరికాలో రెండేళ్లుంటే ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి, చదువు లోను తీరిపోయేవి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టాక, సర్వీసుల కంపెనీలో నాలుగేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి అంత కట్టి పంపేవారు ఎంతమంది? ఆ ఆశ సన్నగిల్లింది. ఆశ చూపించి ఇచ్చిన తక్కువ జీతం మాత్రం అలాగే ఉంది.

ఇక హైక్ లెటర్, అంటే జీతం పెంపు తెలిపే పత్రం. నాలుగైదేళ్ల అనుభవం ఉన్న ఒక ఉద్యోగి సీటీసీ (అతని మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) ఏడాదికి రూ.7,20,000 అనుకుందాం. బేసిక్ నలభై శాతం, అంటే రూ.2,88,000. అందులో నలభై శాతం హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), రూ.1,15,200. యజమాని వాటా పీఎఫ్ బేసిక్ మీద పన్నెండు శాతం, రూ.34,560. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, రూ.13,853. ఆరోగ్య బీమా ప్రీమియం రూ.12,000. వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) పది శాతం, రూ.72,000. మిగిలిన రూ.1,84,387 స్పెషల్ అలవెన్స్. నెల జీతంలో కలిసేవి బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, స్పెషల్ అలవెన్స్ మూడే. వాటిని పన్నెండుతో భాగిస్తే రూ.48,965. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ రూ.2,880, వృత్తి పన్ను రూ.200 పోతే చేతికొచ్చేది దాదాపు రూ.45,885. కొత్త పన్ను విధానంలో ఈ స్థాయికి ఆదాయపు పన్ను పడదు.

ఏప్రిల్‌లో ఆరు శాతం హైక్ వచ్చింది. సీటీసీ రూ.7,63,200 అయింది. లెటర్‌లో పైన పెద్ద అక్షరాల్లో ఉండేది ఈ అంకే. కిందికి దిగితే బేసిక్ యాభై శాతానికి మారి రూ.3,81,600 అయింది. హెచ్‌ఆర్‌ఏ రూ.1,52,640. యజమాని పీఎఫ్ రూ.45,792. గ్రాట్యుటీ రూ.18,355. బీమా ప్రీమియం రూ.15,000. వేరియబుల్ పది నుంచి పన్నెండు శాతానికి జరిగి రూ.91,584 అయింది. స్పెషల్ అలవెన్స్‌కు మిగిలింది రూ.58,229. ఇప్పుడు నెల గ్రాస్ రూ.49,372. ఉద్యోగి పీఎఫ్ రూ.3,816, వృత్తి పన్ను రూ.200 తీసేస్తే చేతికొచ్చేది రూ.45,356. ఆరు శాతం పెరిగాక నెలకు ఐదు వందల పైచిలుకు తగ్గింది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు, మోసం అని ఎత్తిచూపడానికి ఒక్క గడీ దొరకదు. అందుకే హెచ్‌ఆర్‌తో వాదనకు దిగినవాళ్లు ఓడిపోయి వస్తారు.

నిజం చెప్పాలంటే పీఎఫ్‌లో పెరిగిన సొమ్ము ఉద్యోగిదే, వడ్డీతో సహా వస్తుంది. కానీ ఈ నెల అద్దె పీఎఫ్ పాస్‌బుక్‌తో కట్టలేం కదా. గ్రాట్యుటీ అయితే పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండితేనే వస్తుంది. ఐదేళ్లు నిండకముందే చాలామంది కంపెనీ మారే రంగంలో, ఏటా సీటీసీలో చూపించి చివరికి ఇవ్వని సొమ్ము అది. ఇక బేసిక్ యాభై శాతం చేయడానికి చూపే కారణం 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు. వేతనాల కోడ్ చెప్పేది ఇది: మినహాయించదగిన అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత భాగాన్ని వేతనంగా లెక్కగట్టాలి. పీఎఫ్‌ను చట్టపరమైన రూ.15,000 పరిమితి మీదే కడుతుంటే కోడ్ వల్ల చేతికొచ్చే జీతం తగ్గదని కేంద్ర కార్మిక శాఖ 2025 డిసెంబరులో వివరణ కూడా ఇచ్చింది. పూర్తి బేసిక్ మీద కట్టే కంపెనీ రెండువైపులా పెరిగే పీఎఫ్ భారాన్ని ఉద్యోగి సీటీసీలోంచే తీసుకోవాలని ఏ కోడూ చెప్పలేదు. అది యాజమాన్యం ఎంచుకున్న దారి. చట్టం మీదికి నెట్టడం తగదు.

హైక్ ఎప్పుడిస్తారన్నది కూడా ముఖ్యమే. 2025లో టీసీఎస్ ఏప్రిల్ హైక్‌ను వాయిదా వేసి, చివరికి దాదాపు ఎనభై శాతం మందికి సెప్టెంబరు 1 నుంచి ఇచ్చింది. ఇన్ఫోసిస్‌లో జనవరి, ఏప్రిల్ అంటూ రెండు విడతల్లో వచ్చింది. ఏప్రిల్‌లో రావాల్సిన ఆరు శాతం సెప్టెంబరులో వస్తే ఆ ఆర్థిక సంవత్సరానికి దక్కేది ఏడు నెలల పెంపే, అంటే మూడున్నర శాతం. అరియర్స్ (బకాయిలు) ఇస్తే ఈ నష్టం ఉండదు. వాయిదా వేసే లెటర్లలో అరియర్స్ మాట వెతికినా దొరకదు. మరుసటి ఏడాది హైక్ లెక్క ఆ సెప్టెంబరు నుంచే మొదలైతే, ఐదు నెలల నష్టం శాశ్వతంగా స్థిరపడిపోతుంది.

ఇక హాజరు. 2024 ఏప్రిల్‌లో టీసీఎస్ త్రైమాసిక వేరియబుల్‌ను ఆఫీసు హాజరుతో ముడిపెట్టింది. హాజరు 60 శాతం లోపుంటే సున్నా, 60 నుంచి 75 మధ్య సగం, 75 నుంచి 85 మధ్య ముప్పాతిక, 85 దాటితేనే పూర్తిగా. ఆ తర్వాత ఇలాంటి స్లాబులు, నెలకు ఇన్ని రోజులన్న నియమాలు రకరకాల రూపాల్లో రంగమంతా పాకాయి. పై ఉదాహరణలోని ఉద్యోగికి ఒక త్రైమాసికంలో రావాల్సిన వేరియబుల్ రూ.22,896. హాజరు 74 శాతం అయితే రూ.11,448 అవుతుంది. దాని మీద కంపెనీ పనితీరు 70 శాతం అని మరో గుణకం పడితే రూ.8,014. పనిలో ఏ లోటూ లేదు, డెలివరీ సమయానికి అయింది, క్లయింట్ మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాడు. అయినా మూడింట రెండొంతులు పోయింది. వేరియబుల్ అన్నది పనితీరుకు ఇచ్చే సొమ్మని ఆఫర్ లెటర్లో రాసి, తర్వాత దాన్ని గేటు దగ్గరి కార్డు స్వైప్‌కు కట్టేయడమే ఇక్కడి అన్యాయం.

ఆ స్వైప్ లెక్క ఎలా నడుస్తుందో బయటివారికి తెలియదు, లోపలివారిలోనూ చాలామందికి తెలియదు. రెండు పద్ధతులున్నాయి. మొదటి ఇన్‌కూ చివరి ఔట్‌కూ మధ్య గడిచిన సమయాన్ని తీసుకునేది ఒకటి. లోపలున్న నిమిషాలను మాత్రమే కూడేది రెండోది. రెండో పద్ధతిలో ఫుడ్‌కోర్టు గేటు బయట ఉంటే భోజనం నలభై నిమిషాలు, రెండు టీలు పోయి, తొమ్మిది గంటలు క్యాంపస్‌లో ఉన్నవారికి ఎనిమిది కూడా పడవు. గుంపుతో పాటు బయటికొస్తూ ఔట్ స్వైప్ మర్చిపోతే సింగిల్ పంచ్ అని రోజు మొత్తం గైర్హాజరు. క్లయింట్ ఆఫీసులో కూర్చుని పనిచేస్తే అక్కడి కార్డు వేరు, ఆ హాజరు ఇక్కడి సిస్టమ్‌లోకి దానంతటది రాదు. దిద్దుకోవడానికి రెగ్యులరైజేషన్ రిక్వెస్ట్ పెట్టాలి, మేనేజరు గడువులోగా ఆమోదించాలి. మేనేజరు సెలవులో ఉంటే రిక్వెస్ట్ మురిగిపోతుంది.

వీటన్నిటికంటే పెద్ద తిరకాసు సెలవుల దగ్గర ఉంది. త్రైమాసికంలో 64 పని దినాలున్నాయనుకోండి. ఉద్యోగి తనకు హక్కుగా వచ్చిన ఎనిమిది ఎర్న్‌డ్ లీవులు పెట్టాడు. ఆ ఎనిమిదీ మొత్తంలోంచి తీసేస్తే 56లో 85 శాతం, అంటే 48 రోజులు వస్తే చాలు. తీసేయకుండా 64 మీదే లెక్కిస్తే 55 రోజులు రావాలి, వాడికి మిగిలినవి 56. అంటే మూడు నెలల్లో ఒక్కటే ఒక్క రోజు ఇంటి నుంచి పనిచేయగలడు. హైబ్రిడ్ (కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు) పాలసీ అని పేరు, లోపల చూస్తే అయిదు రోజుల హాజరే. సెలవులను మొత్తం పని దినాల లెక్కలో ఉంచారా తీసేశారా అన్నది పాలసీ పత్రంలో చాలా చోట్ల రాసి ఉండదు. దాన్ని మెయిల్‌లో అడిగి, మెయిల్‌లోనే జవాబు తెచ్చుకోవడం మొదటి పని.

ఆఫీసుకు వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు చూద్దాం. ఎల్‌బీ నగర్‌లో ఉండే ఉద్యోగి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లాలంటే మెట్రోలో అమీర్‌పేట, అక్కడ రైలు మారి రాయదుర్గం. లైను అక్కడితో ఆగిపోతుంది. మిగతా దూరం షేర్ ఆటోనో బైక్ ట్యాక్సీనో. 2025 మేలో సవరించిన మెట్రో చార్జీల్లో గరిష్ఠం రూ.69. దిగాక ఇంకో యాభై వేసుకుంటే రానుపోను రూ.238, ఇరవై రెండు రోజులకు రూ.5,236. ఇంటి నుంచి బాక్సు తెచ్చుకోలేనివారికి క్యాంటీన్ భోజనం రోజుకు నూట పది చొప్పున రూ.2,420. మొత్తం రూ.7,656. చేతికొచ్చే రూ.45,356లో ఇది దాదాపు పదిహేడు శాతం. రోజుకు మూడు గంటల ప్రయాణం చొప్పున నెలకు 66 గంటలు, అంటే ఎనిమిది పనిదినాల పైమాటే. వారానికి మూడు రోజులు ఇంటి నుంచి చేసినప్పుడు ఈ ఖర్చులో సగానికి పైగా మిగిలేది. ఇప్పుడది పోయింది. హైక్ లెటర్‌లో కనిపించని కోత అంటే ఇదే.

కరోనా తర్వాత రెండేళ్లపాటు ఎక్కడి నుంచైనా చేసుకోవచ్చని చెప్పినప్పుడు చాలామంది హైదరాబాద్, బెంగళూరు ఇళ్లు ఖాళీచేసి రాజమండ్రికో కరీంనగర్‌కో అనంతపురానికో వెళ్లిపోయారు. అమ్మానాన్నలను చూసుకోవచ్చని, అద్దె మిగులుతుందని వెళ్లారు. అద్దె లేదు కదా అని తక్కువ హైక్‌కు సర్దుకున్నారు. ఇప్పుడు నాలుగైదు వారాల గడువుతో రమ్మంటే అడ్వాన్సు, సామాను రవాణా, పిల్లల స్కూలు ఫీజు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ ఖర్చుకు కంపెనీ ఇచ్చేది ఏమీ ఉండదు. అదే కంపెనీ ఉద్యోగిని తనంతట తాను చెన్నైకి బదిలీ చేస్తే రీలొకేషన్ అలవెన్స్ ఇస్తుంది. రెండూ ఇల్లు మారడమే కదా?

వెసులుబాటు పూర్తిగా పోయిందనుకోవడం కూడా తప్పే. కంపెనీకి అవసరమైన వైపు అది చక్కగా ఉంది. పగలు పదింటికి ఆఫీసులో స్వైప్ చేసినవారే రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటి నుంచి అమెరికా క్లయింట్ కాల్‌లో కూర్చుంటారు. షిఫ్ట్ అలవెన్స్ ఇవ్వాలంటే ఫలానా గంట దాటాలన్న నియమం ఉంటుంది కాబట్టి అదీ రాదు. ఆ గంటన్నర హాజరులోనూ పడదు, ఎందుకంటే అది గేటు బయట చేసిన పని. ఇంటి నుంచి చేస్తే ఉత్పాదకత తగ్గుతుందనే యాజమాన్యానికి రాత్రి కాల్స్‌లో ఆ అనుమానం ఎందుకు రాదు?

బెంచ్ (ప్రాజెక్టు లేక ఖాళీగా ఉండటం) నియమాలు ఉద్యోగం పోతుందన్న భయాన్ని ఇంకా పెంచాయి. 2025 జూన్ నుంచి టీసీఎస్‌లో ఏడాదికి 225 రోజులు బిల్లింగ్‌లో (క్లయింట్ డబ్బు కట్టే పనిలో) ఉండాలి, బెంచ్ మీద 35 రోజులు మించకూడదు. ప్రాజెక్టు దొరకడం ఉద్యోగి చేతిలో ఉండదు. క్లయింట్ బడ్జెట్ కోస్తే పదిమంది ఒకేసారి బెంచ్ మీదికొస్తారు. ఇలాంటి గడియారం నెత్తిన ఉన్నవాడు ఏ ఊళ్లో ప్రాజెక్టు ఇచ్చినా, ఏ షిఫ్టు ఇచ్చినా తలూపుతాడు. 2022లో ఇన్ఫోసిస్ అట్రిషన్ (ఉద్యోగులు మానేసే రేటు) 28.4 శాతం దాకా వెళ్లింది, 2024 మార్చికి 12.6కు పడిపోయింది. జనం తృప్తిగా ఉండి ఆగిపోయారని ఎవరైనా అంటే నమ్మలేం. బయట ఉద్యోగాలు తగ్గాయి, తొంభై రోజుల నోటీస్ పీరియడ్ ఉన్నవాణ్ణి అంతకాలం ఆగి తీసుకునే కంపెనీలు ఇంకా తగ్గాయి.

యాజమాన్యాల వాదనలో నిజం లేదని అనను. కొత్తగా చేరినవారు సీనియర్ పక్కన కూర్చుంటేనే పని తొందరగా వంటబడుతుంది. ప్రొడక్షన్‌లో సమస్య వచ్చినప్పుడు నలుగురూ ఒక గదిలో ఉంటే గంటలో తేలేది ఫోన్ల మీద పూట పడుతుంది. బ్యాంకుల డేటా చూసే ప్రాజెక్టుల్లో భద్రత నిబంధనలూ ఉంటాయి. క్లయింట్లు ఏఐ పేరు చెప్పి రేట్లు తగ్గించమంటున్నదీ వాస్తవమే. అయితే ఇవన్నీ టీమంతా కలిసే రెండు రోజులను ముందుగా నిర్ణయించుకోవడానికి కారణాలు. మేనేజరు పుణెలో, టెస్టింగ్ టీమ్ కొచ్చిలో, క్లయింట్ డాలస్‌లో ఉన్నప్పుడు ఒక్కణ్ణే గచ్చిబౌలి ఆఫీసుకు రప్పించి, అక్కడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని టీమ్స్ కాల్‌లో కూర్చోబెట్టడానికి ఇవి కారణాలు కావు.

దీని మీద ఊహాగానాలు అక్కర్లేదు. చైనాకు చెందిన ట్రిప్.కామ్‌లో 1,612 మంది ఉద్యోగులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని ఇచ్చి, ఆరు నెలలు చూశారు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం ఆ ఫలితాలను 2024లో నేచర్ పత్రికలో ప్రచురించింది. ఇంటి నుంచి చేసినవారిలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. పనితీరు మదింపులో, పదోన్నతుల్లో రెండు వర్గాలకూ తేడా రాలేదు. రాజీనామాలు బాగా తగ్గింది మహిళల్లో, దూరం నుంచి వచ్చేవారిలో. ఇది చదివాక కూడా అయిదు రోజుల హాజరు పనితీరు కోసమేనని చెప్పడం కష్టం.

మహిళల విషయంలో చట్టమే ఒక మాట చెప్పింది, దాన్ని ఎవరూ గుర్తుచేయడం లేదు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల సెలవుతో ఆగలేదు. పని స్వభావం అనుమతిస్తే, సెలవు ముగిశాక కూడా ఇద్దరూ అంగీకరించిన షరతులపై ఇంటి నుంచి పని ఇవ్వవచ్చని సెక్షన్ 5(5)లో చెప్పింది. 2025 నవంబరు నుంచి ఆ చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే మాట ఉంది. యాభై మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఆ నాలుగు రాకపోకలూ గేటు లోపలి నిమిషాల్లోంచి కోతపడితే చట్టం ఇచ్చినదాన్ని స్వైప్ మెషీన్ తీసేసుకున్నట్టే. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మహిళలకు పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ అవకాశాలు కల్పిస్తామన్నారు. మంచి మాట. కంపెనీలకు రాయితీలు ఇచ్చే ఒప్పందాల్లో ఈ నిబంధన అమలును షరతుగా పెడితే అది మాటగా మిగిలిపోదు.

ఇప్పుడు ఉద్యోగులు చేయగలిగింది చెబుతాను. హైక్ లెటర్ రాగానే సీటీసీ పక్కన పెట్టి పాత, కొత్త పేస్లిప్‌ల గ్రాస్, పీఎఫ్, చేతికొచ్చింది పక్కపక్కన రాసుకోండి. వేరియబుల్ శాతం మారిందా చూడండి, మారితే ఎవరి అంగీకారంతో మారిందో అడగండి. వారానికోసారి హాజరు పేజీ తెరిచి, తేడా ఉంటే అదే వారం రెగ్యులరైజేషన్ పెట్టి స్క్రీన్‌షాట్ తీసుకోండి. త్రైమాసికం చివర పరుగెత్తితే విండో మూసేసి ఉంటుంది. ఆఫర్ లెటర్, పాలసీ మెయిల్స్, ఇంటి నుంచి పనికి ఇచ్చిన పాత అనుమతి మెయిల్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉంచితే, లాగిన్ తీసేసిన రోజున చేతిలో కాగితం ఉండదు. మీ నియామక షరతులకు చెందిన ఈ పత్రాలు ఇచ్చిన రోజునే ప్రింటు తీసుకోండి. క్లయింట్ డేటా ఉన్న మెయిల్స్ మాత్రం ముట్టుకోవద్దు, అది వేరే కేసవుతుంది. మీరు కంపెనీ మానేస్తే, వేతనాల కోడ్ ప్రకారం రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. నలభై అయిదు రోజులు, అరవై రోజులు అన్నది పాత అలవాటు. ఈ కోడ్ మేనేజర్లకు కూడా వర్తిస్తుంది కాబట్టి హోదా చూపి తప్పించుకోవడానికి వీల్లేదు.

కొత్త లేబర్ కోడ్‌ల్లో మరొకటైన పారిశ్రామిక సంబంధాల కోడ్ దగ్గర కొంచెం చిక్కుంది. అది కార్మికులకే వర్తిస్తుంది. సాంకేతిక పని చేసేవారు ఆ నిర్వచనంలో ఉన్నారు, నిర్వాహక హోదాలో ఉన్నవారు లేరు. విజిటింగ్ కార్డు మీద లీడ్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, చేసే పని ఏమిటన్నదే కోర్టులు చూస్తాయి. రోజంతా ప్రోగ్రాములు రాసేవాడికి ఎవరి సెలవులూ మంజూరు చేసే అధికారం లేనప్పుడు అతను నిర్వాహకుడెలా అవుతాడు? ఇరవై మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. రెండువైపులా సమాన ప్రాతినిధ్యంతో పది మంది దాకా ఉండవచ్చు, ఫిర్యాదు ముప్ఫై రోజుల్లో తేల్చాలి. మీ కంపెనీలో ఆ కమిటీ సభ్యులెవరని ఒక మెయిల్ పెట్టి చూడండి. ఇంకొకటి, మరీ ముఖ్యమైనది: జీతం, పని గంటలు, ఆనవాయితీగా వస్తున్న సౌకర్యాల ఉపసంహరణ వంటి మార్పులకు ఇరవై ఒక్క రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలని పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఏ చెప్పింది, కొత్త కోడ్‌లోని 40వ సెక్షన్ చెబుతోంది. అయిదారేళ్లుగా నడుస్తున్న హైబ్రిడ్ పద్ధతి ఆనవాయితీ సౌకర్యమేనన్నది నా అభిప్రాయం. శుక్రవారం సాయంత్రం మెయిల్ పెట్టి సోమవారం నుంచి అయిదు రోజులూ రమ్మనడాన్ని ఈ సెక్షన్ కింద కార్మిక శాఖ ముందు ఎవరైనా గట్టిగా ప్రశ్నించాలి. ఐటీ కంపెనీల విషయంలో వెళ్లాల్సింది రాష్ట్ర కార్మిక శాఖకే. హైదరాబాద్‌లో అది ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్. ఒక్కరు వెళ్తే పేరు బయటపడుతుందన్న భయం సహజం, పదిమంది సంతకాలతో ఇస్తే ఆ భయం తగ్గుతుంది.

ప్రభుత్వాల పాత్ర గురించి కూడా రాయక తప్పదు. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టంలోని పని గంటల సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు ఏళ్ల తరబడి మినహాయింపులు ఇస్తూ వస్తున్నారు. 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటలు, వారానికి 48 గంటల పనికి అనుమతించారు. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గమూ అంతకు ముందు నెలలోనే తొమ్మిది గంటల పరిమితిని పది చేయాలని నిర్ణయించింది. రోజుకు మూడు గంటల ప్రయాణం కలిపితే పదమూడు. ఇన్ని సడలింపులు ఒకవైపుకే ఇచ్చినప్పుడు, ప్రతిగా మూడు షరతులు పెట్టమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. హైక్ లెటర్‌లో పాత, కొత్త చేతికొచ్చే జీతం పక్కపక్కన ముద్రించాలి. హాజరు లెక్కలోంచి చట్టబద్ధమైన సెలవులన్నీ తీసేయాలి, హాజరును పనితీరు వేతనంతో ముడిపెట్టకూడదు. ఇంటి నుంచి ఎన్ని రోజులన్నది నియామక పత్రంలోనే రాయాలి, మార్చాలంటే నోటీసుతో పాటు ప్రయాణ భత్యమో ఇల్లు మారే ఖర్చో ఇవ్వాలి.

మూడోది కొత్త ఆలోచన కూడా కాదు. సేవా రంగానికి కేంద్రం 2020 డిసెంబరు 31న ప్రకటించిన నమూనా స్టాండింగ్ ఆర్డర్ల (ఉద్యోగ షరతుల నియమావళి) ముసాయిదాలోనే, నియామక షరతులను బట్టి లేదా ఒప్పందాన్ని బట్టి ఇంటి నుంచి పనికి అనుమతించవచ్చన్న మాట ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలు కోడ్‌ల కింద నియమాలు రాసేటప్పుడు ఆ వాక్యాన్ని తీసుకుని, ఎన్ని రోజులో పత్రంలో రాసి తీరాలన్న ముక్క జోడించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఐటీ పేరోల్ విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి, హైదరాబాద్
(పేరు ప్రచురించవద్దని మనవి)